నీలం పట్టిన ఇత్తడి

కాలు ఒకచోట నిలవని ఉద్యోగం నాది. గ్రామసేవక్ అంటే ఇప్పటి పిల్లలకు అదేం కొలువో తెలియకపోవచ్చు. బ్లాకు ఆఫీసు వాళ్ళు ఒక సైకిలు, కొన్ని ఊళ్ళ పేర్లు చేతిలో పెట్టేవారు. ఆ ఊళ్ళు తిరుగుతూ కొత్త విత్తనం వేయండి, కొత్త ఎరువు చల్లండి అని రైతులను ఒప్పించాలి. ఒప్పుకుంటే పంట వాళ్ళది, ఒప్పుకోకపోతే తిట్లు మనవి. నేను నిజామాబాద్ బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. నాగలి పట్టడం రాకుండానే నాగలి పట్టేవాళ్ళకు పాఠాలు చెప్పాను. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు, అయినా మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవారు.

ఈ మధ్య వ్యవసాయ శాఖలో చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏమిటని అడిగారు. వాళ్ళు పంట దిగుబడి గురించి చెబుతాననుకున్నారు. నాకు మాత్రం ఒక ఇత్తడి మకరతోరణం గుర్తుకొచ్చింది. అది వాళ్ళకు సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోచంపాడు దగ్గర గోదావరి మీద ఆనకట్ట పని సాగుతున్న కాలం. నా ఊళ్ళన్నీ బోధన్‌కూ నవీపేట్‌కూ మధ్య, చెరకు పండే నేలలో ఉండేవి. వాటిలో ఒక ఊరికి నేను తరచుగా వెళ్ళేవాణ్ణి. కారణం అక్కడి పటేల్. చెరకులో అమ్మోనియం సల్ఫేటు వేసి చూద్దామని ఆ చుట్టుపక్కల అందరికంటే మొదట ముందుకొచ్చిన మనిషి ఆయన. చూడడానికి ఉప్పులా ఉండే ఆ ఎరువును జనం సర్కారు మందు అనేవారు. భూమి సచ్చిపోతది అని భయపడేవారు. పటేల్ చేనులో గడలు దుడ్డుకర్రల్లా లేచాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే దారికొచ్చారు. నేను ప్రతి రచ్చబండ దగ్గరా నిలబడి ఒకే పాఠం చదివేవాణ్ణి. తడి తగలనీయకండి, ఆకుల మీద చల్లకండి, సున్నంతో కలపకండి, కలిపితే సత్తువ గాలికి పోతుంది. అది బడిపిల్లల ఎక్కంలా నోటికి వచ్చేసింది, అర్థం ఆలోచించే పనే లేకపోయింది.

ఆ ఊళ్ళో విఠలుడి గుడి ఉంది. మరాఠ్వాడా పక్కనే కాబట్టి మా వైపు విఠలుడు, రుక్మిణి పరాయి దేవుళ్ళు కారు. గర్భగుడిలో రాతి విగ్రహాలు, పక్క గదిలో ఊరేగింపుకు తీసే ఇత్తడి విగ్రహాలు. అవి పోత పోసినవి, మూరెడు ఎత్తు. వాటి వెనక నిలబెట్టే మకరతోరణం మాత్రం రేకు మీద సుత్తితో కొట్టి పువ్వులూ మొసలి మొహాలూ తేల్చిన పని. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. తొలి ఏకాదశి నాడు ఆ తోరణం ముందు దీపం పెడితే రేకంతా కదిలినట్టు ఉండేది.

అక్కడి పూజారి మనిషి పొట్టి, కోపం పొడుగు. ఇంట్లో మరాఠీ, గుళ్ళో సంస్కృతం, మాతో తెలుగు. మూడు భాషల్లోనూ తిట్టగలడు. కానీ ఇత్తడి తోమడానికి కూర్చుంటే ఆయనలో వేరే మనిషి కనిపించేవాడు. ఒకసారి వానకు గుడిలో తలదాచుకున్నప్పుడు చూశాను. నానిన చింతపండు గుజ్జును వేళ్ళతో మెల్లగా రాసి, ఆరిపోకముందే కడిగేసేవాడు. మడతల్లో ఉన్న పచ్చటి చిలుమును వెదురు పుల్లకు దూది చుట్టి తీసేవాడు. ఆ తర్వాత నీళ్ళు, మళ్ళీ నీళ్ళు, చివరికి పాత పంచె ముక్కతో చెమ్మ లేకుండా తుడుపు.

"బూడిద పెట్టి గట్టిగ రుద్దితె ఇంక మెరుస్తది గదా పంతులూ?" అన్నాను ఏదో మాట కలపాలని.

"మెరుస్తది. రుద్దుతనే ఉంటె ముక్కు పోతది, కండ్లు పోతయ్. మెరిసే ముద్దకు దండం పెట్టుకుంటరా?" అన్నాడు తలెత్తకుండా.

ఆ ఏడు వానాకాలం మొదట్లో నన్ను శిక్షణకని హైదరాబాదు పంపారు. తిరిగి వచ్చేసరికి తొలి ఏకాదశి దగ్గరపడింది. బురదలో సైకిలు తోసుకుంటూ ఆ ఊరికి చేరితే, గుడి ముందు జనం. పండుగ పనులేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే కేకలు.

జరిగింది ఇదీ. నేను లేనప్పుడు పటేల్ గోదాము పైకప్పు కారడం మొదలైంది. చెరకుకు తెచ్చిన ఎరువు బస్తాలు తడుస్తున్నాయని గుడిలోని పక్క గదిలో పెట్టించాడు. పండుగ వస్తోందని అంతకు కొద్ది రోజుల ముందే ఆ గది గోడలకు చిక్కగా సున్నం వేయించాడు. రెండూ మంచి ఉద్దేశంతో చేసినవే. తర్వాత విగ్రహాల మీద మచ్చలు పడ్డాయి. పూజారి తోమితే పోయాయి, మర్నాటికి మళ్ళీ వచ్చాయి. అవి నల్ల మచ్చలు కావు, నీలం. దేవుడు విషం మింగిండని ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున మకరతోరణం పగిలి కనిపించింది. ఎవరూ కొట్టలేదు, కింద పడలేదు. మొసలి మొహం దగ్గర నుంచి అంచు వరకు, ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు.

పటేల్ నిజామాబాద్ నుంచి ఒక కంచరిని పిలిపించాడు. ఇత్తడి గిన్నెలు కొట్టి అమ్మడం వాళ్ళ ఇంటి పని, తండ్రి పేరు కూడా బజారులో గట్టిదే. అతను తోరణం అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచి, మాట తేల్చేశాడు.

"మంచి ఇత్తడి గిట్ల పలగది పటేలా. గిది కల్తి సరుకు. పాత తోరణం గాదిది."

అంతే, ఊరంతటికీ ఒక్కసారే ఒక సంగతి గుర్తుకొచ్చింది. కిందటి ఏడు తోరణం కాలు వంగితే, సరిచేయిస్తానని పూజారి దాన్ని నిజామాబాద్ తీసుకుపోయాడు. అప్పుడు సరిచేసిన కంచరి వేరే మనిషి, చనిపోయాడు. అడగడానికి లేడు. పట్నంలో పాతది అమ్ముకొని, చౌకది తెచ్చి పెట్టాడని తీర్మానం అయిపోయింది. ఏకాదశి లోపల పాత తోరణం తెచ్చి పెట్టాలి, లేకుంటే పోలీసులకు అప్పగించాలి. నేను చేరేసరికి పటేల్ గుడి మెట్ల మీద నిలబడి ఇదే చెబుతున్నాడు.

పూజారి ఒక్క మాట కూడా వాదించలేదు. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి, గది తాళంచెవి మెట్టు మీద పెట్టి, పంచె పైకి దోపుకొని, జనం మధ్య నుంచి నడిచిపోయాడు. ఆయన భార్య చేతిలో ఒక మూటతో వెనకే వెళ్ళింది. నవీపేట్‌లో ఆమె తమ్ముడు ఉన్నాడని ఎవరో అన్నారు.

నేను ఏ ఆలోచనా లేకుండానే ఆ పక్క గదిలోకి వెళ్ళాను, నిజంగానే అంత వింతగా పగిలిందా చూద్దామని. గడప దాటగానే కళ్ళు మండాయి. ముక్కులో సూది గుచ్చినట్టయింది. తడిసిన ఎరువు సంచులు గోడకు ఆనుకొని ఉన్నాయి. గోడ మీది కొత్త సున్నం ఆ ఎత్తు వరకు చెమ్మతో నానిపోయింది. బయట వాన, లోపల కిటికీ లేదు.

సున్నంతో కలపకండి, కలిపితే సత్తువ గాలికి పోతుంది. ఎన్ని వందల మందికి చెప్పానో. ఆ గాలి ఎక్కడికి పోతుందో ఆ రోజు తెలిసింది. ఆ గాలికి ఇత్తడి నీలం పడుతుందని శిక్షణలో చూపించారు కూడా. పగులుతుందా అన్నది మాత్రం నాకు రూఢిగా తెలియదు. కానీ అనుమానం మాత్రం అక్కడే పుట్టింది.

బయటికి వచ్చి అప్పుడే అరిచి చెప్పాల్సిందని మీరు అనవచ్చు. నేను సైకిలెక్కి బోధన్‌లో మా ఆఫీసుకు వెళ్ళాను. ఎందుకంటే ఆ మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఎరువు దేవుణ్ణి పగలగొట్టిందని ఒక్కసారి పుకారు పుడితే, నేను ఊరూరా తిరిగి పోగుచేసిన నమ్మకమంతా ఒక్క పూటలో పోతుంది. దారి పొడుగునా పెడల్ తొక్కుతూ నాలో నేనే వాదించుకున్నాను. మధ్యలో రెండుసార్లు దిగి వెనక్కి తిరిగాను, మళ్ళీ ముందుకే వెళ్ళాను.

మా బ్లాకు అధికారి కోస్తా నుంచి వచ్చినాయన. మంచి మనిషి. ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే అయి ఉండొచ్చు, కాదనను. కానీ చూడవయ్యా, ఈ మాట బయటపడితే ఈ తాలూకాలో ఇంకో బస్తా దిగుతుందా? ఇన్నేళ్ళు నువ్వే గదా ఎండలో తిరిగావు?"

"మరి పంతులు సంగతి సార్?"

"అది పంచాయితీ చూసుకుంటుంది. మన శాఖ కాదు. నువ్వు ఏమీ చూళ్ళేదు, అంతే. ఇంటికెళ్ళి పడుకో."

ఇంటికి వెళ్ళాను గాని పడుకోలేదు. అన్నం ముందు కూర్చొని లేచాను. మా ఆవిడ ఏమైందని అడిగితే, ఏమీ లేదు అని అరిచాను. మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళాల్సిన ఊరు ఒకటైతే, సైకిలు నవీపేట్ దారి పట్టింది.

పూజారి వాళ్ళ బావమరిది ఇంటి అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. ఆయన భార్య చాటలో బియ్యం ఏరుతూ, నన్ను చూసి మరాఠీలో ఏదో అని లోపలికి వెళ్ళిపోయింది. సర్కారు మనిషిని కాబట్టి పోలీసులతో వచ్చాననుకుందేమో. నేను నిలబడే ఉన్నాను. ఆయనే మాట మొదలుపెట్టాడు.

"నేనే పాడుజేసిన కావచ్చు సారు."

"ఏమంటున్నరు పంతులూ?"

"రోజు నీలం పడుతుంటె రోజు చింతపండు పెట్టిన. పండుగ దగ్గరికొచ్చిందని తొందర. ఎక్కువసేపు ఉంచిన్నేమో. కడిగినంక తడి మంచిగ తుడిచిన్నో లేదో." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "దొంగ అన్నరు. దొంగను గాను గనుక గా మాట నాకు అంటలేదు. గని నా చేతుల దేవుడు పలిగిండంటె, ఇగ ఏ గుడిల చెయ్యి పెట్టాలె సారు?"

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఊరిమీద అరిచి ఉంటే ఇంకా బాగుండేది. తను చేయని తప్పును తన వేళ్ళలో వెతుక్కుంటున్న మనిషి ముందు నాకు నిలబడబుద్ధి కాలేదు.

"మీ చేతుల ఏం లేదు పంతులూ. జర ఓపిక పట్టుండ్రి" అని మాత్రం అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మడానికి నేను ఏం చెప్పాను కనుక?

అక్కడ నుంచి నేరుగా పటేల్ ఇంటికి వెళ్ళాను. ఆయన దొడ్లో ఎడ్లకు మేత వేయిస్తున్నాడు. పక్కకు పిలిచి ఉన్నదంతా చెప్పాను. ఎరువు, సున్నం, తడి కలిస్తే వచ్చే గాలి గురించి చెప్పాను. వింటుంటే ఆయన మొహం మెల్లగా ఎర్రబడింది.

"అంటె ఏందిది? దేవుణ్ణి నేను పలగ్గొట్టిన్నంటవా?"

"నువ్వు గాదు పటేలా. గా మందు గాలి."

"మందు పెట్టిచ్చింది ఎవలు? సున్నం ఏపిచ్చింది ఎవలు? ఊరంత వద్దంటె నీ మాట మీద మందు తెచ్చింది ఎవలు?" గొంతు పెరిగింది. "కంచరాయన ఇత్తడిల పుట్టి ఇత్తడిల పెరిగిండు. కల్తి అని ఆయన అంటుంటె, నువ్వు గాలి అంటవా?"

పగులుతుందని నేనే కళ్ళతో చూడలేదు. సైకిలు తీసుకుందామని తిరిగాను. అప్పుడు వంటింటి గడప దగ్గర నుంచి పటేల్ తల్లి గొంతు వినబడింది. ముసలామె, నడుము వంగింది గాని మాట వంగలేదు.

"ఆగు బిడ్డా. నిజమో కాదో సూస్తె పోలే?"

"నువ్వు లోపలికి పో అవ్వా" అన్నాడు పటేల్.

"పోత. పోయి సెంబు తెస్త." నిజంగానే వెళ్ళి, తను నీళ్ళు తాగే ఇత్తడి చెంబు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "మా అత్త తాగింది గిండ్ల, నేను తాగుతున్న. గిది కల్తి అంటవా? గా మందుల పెట్టు. పలగకుంటె పంతులు దొంగ. పలిగితె నీ నోరు కడుక్కో."

పటేల్ కాదనలేకపోయాడు. ఆ ఇంట్లో ఆమె మాట మీద మాట లేదని ఊరందరికీ తెలుసు.

దొడ్లో పగటిపూట, ఊరి పెద్దల ముందే ఏర్పాటు చేశాం. పశువులు నీళ్ళు తాగే గోలెంలో అడుగున తడి సున్నం, దానిమీద బస్తా విప్పి గుప్పెళ్ళతో ఎరువు. చెంబు వాటికి తగలకుండా అడ్డకర్రకు వేలాడదీశాం. పైన గోనె కప్పి, అంచులు మట్టితో మెత్తాం. ఎవరూ ముట్టకుండా పటేల్ అక్కడే మంచం వేయించుకున్నాడు. నామీద నమ్మకం లేకనో, తనమీద లేకనో నాకు తెలియదు. కంచరికి మళ్ళీ కబురు పంపారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఊళ్ళు తిరిగాను గాని ఎక్కడా పది మాటలు వరసగా మాట్లాడలేదు. పగలకపోతే పూజారి పని అయిపోయినట్టే, దాన్ని నేనే పూర్తిచేసినట్టు. పగిలితే నా పని అయిపోయినట్టు. ఏది కోరుకోవాలో తెలియక, ఏదో ఒకటి తొందరగా తేలితే చాలు అనుకున్నాను.

తేలే రోజు రానే వచ్చింది. వాన తెరిపిచ్చింది. దొడ్డి నిండా జనం, గోడల మీద కూడా. కంచరి ముందు వరసలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పటేల్ స్వయంగా మట్టి గీకి గోనె లాగాడు. ఒక్కసారి గుప్పుమని గాలి లేచింది. ముందున్నవాళ్ళు దగ్గుతూ వెనక్కి పడ్డారు. కళ్ళు తుడుచుకుంటూ ఎవరో అన్నారు, "గుడి అర్రల గిదే వాసన గదా!"

చెంబు బయటికి తీశాం. మెడ చుట్టూ, అడుగున నీలం, గుళ్ళో చూసిన అదే నీలం. జనంలో సద్దు మొదలైంది. కానీ చెంబు పగల్లేదు. పటేల్ అన్ని వైపులా తిప్పి చూపించాడు. ఎక్కడా గీత లేదు.

"సెంబు మంచిగనే ఉన్నది సారూ! మీ మందే ఉత్తదున్నట్టున్నది" అని వెనక నుంచి ఒకడు. నవ్వులు. నేలవైపు చూస్తూ నిలబడ్డాను. నవీపేట్ అరుగు మీది ఆ చేతులు కళ్ళముందు కదిలాయి.

"ఇటియ్యి పటేలా" అన్నాడు కంచరి.

చెంబును తొట్టి నీళ్ళలో ముంచి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. తలకిందులు చేసి అడుగు చూశాడు. అక్కడ ఏదో గుర్తు ఉన్నట్టుంది, చాలాసేపు దాన్నే చూశాడు. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకొని గోటితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"మోగుతలేదు" అన్నాడు తనలో తను. "గొంతు పోయింది."

బొటనవేలు మెడ దగ్గర పెట్టి, పిల్లవాడి బుగ్గ నొక్కినట్టు నొక్కాడు. టప్‌మని చిన్న చప్పుడు. మెడ నుంచి బొజ్జ మీదుగా బీట పాకింది. ఎండిన పుచ్చకాయ తొక్కలా చెంబు అతని చేతిలో విచ్చుకుంది.

వెనకవాళ్ళు మెడలు సాచి ముందుకు తోసుకొచ్చారు.

"గిది మా బాపు కొట్టిన సెంబు" అన్నాడు కంచరి. "అడుగున ఆయన ఏసే గుర్తున్నది. గిండ్ల కల్తి ఉన్నదంటె మా బాపు దొంగ. మా బాపు దొంగ గాదు. నేను పంతులును అన్నది తప్పు. పదిమందిల అన్న గనుక పదిమందిల చెప్తున్న, తప్పు."

పోత పోసిన విగ్రహం మందంగా ఉంటుంది కాబట్టి మచ్చతో సరిపోయిందని, సుత్తిదెబ్బలు తిన్న రేకుకు లోపల బిగువు ఉంటుంది కాబట్టి ఆ బిగువు దగ్గర ఈ గాలి చీల్చిందని అతనే అందరికీ చెప్పాడు. కిందటి ఏడు కాలు సరిచేయడానికి కొట్టిన దెబ్బల దగ్గరే బీటలు మొదలయ్యాయన్నది కూడా అప్పుడు తట్టింది అతనికి. పటేల్ తల్లి ముక్కలైన చెంబును కొంగులో వేసుకొని, కొడుకువైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఊపిరి పీల్చుకోబోతుంటే, గోడ మీద నుంచి ఒక రైతు అన్నాడు. "దేవుని ఇత్తడినే పలగ్గొట్టె మందు, భూమిని ఏం జేస్తదే?"

సున్నం లేకపోతే ఏమీ కాదని చెప్పాను. నేలలో పడితే మేలేనని చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను. ఎవరి మొహంలోనూ నా మాట దిగుతున్నట్టు కనిపించలేదు. అప్పటికే ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళలో ఉన్న బస్తాలు ఎక్కడ పారేయాలా అని మాట్లాడుకుంటున్నారు.

అదే రోజు పటేల్ బండి కట్టించుకొని నవీపేట్ వెళ్ళాడు. అక్కడ ఏం జరిగిందో పూజారి భార్య తర్వాత చెప్పింది. పటేల్ వాకిట్లో నిలబడ్డాడట. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. చాలాసేపటికి, "ఎడ్లు కట్టే ఉన్నయ్, పోదాం పా పంతులూ" అన్నాడట. ఆయన నోట వచ్చిన క్షమాపణ అంతే. పూజారి కూడా తక్కువ తినలేదు. స్నానం, సంధ్య, భోజనం అన్నీ తీరిగ్గా ముగించుకొని, అప్పుడు బండెక్కాడు.

మర్నాడు గుళ్ళో నేనున్నాను. బస్తాలన్నీ బయటపడేశారు. గోడలు గీకి, గది కడిగి, తలుపు బార్లా తీసి ఆరబెట్టారు. పూజారి విగ్రహాలను మంటపంలోకి తెచ్చి పీట మీద పెట్టాడు. పక్కన నానిన చింతపండు గిన్నె. పటేల్ దూరంగా స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు.

"కూసో పటేలా" అన్నాడు పూజారి.

"నేనా?"

"నువ్వే. తానం చేసి వచ్చినవు గద? ఇగ ఏకాదశి ఏకాదశికి తోముడు నీది, పూజ నాది. ఏ విగ్రహం పాతదో ఏది కొత్తదో నీ చేతికే ఎరుకైతది. రేపు మల్ల నన్ను అడిగే పని పడది."

అంత భూమి ఉన్న మనిషి, ఊరికి పెద్ద, అందరి ముందూ ఇత్తడి తోమాలా? పటేల్ చేతి గడియారం తీసి జేబులో వేసుకొని, పంచె సర్దుకొని చతికిలబడ్డాడు. గుజ్జు ఇంత ముద్ద తీసి విఠలుడి మొహానికి పట్టించబోయాడు.

"గంత వద్దు! పలుచగ. మెల్లగ. నువ్వు ఎద్దును రుద్దుతున్నవా?" పూజారి గొంతులో పాత ఘాటు తిరిగి వచ్చింది. "ఆరనియ్యకు, కడుగు. పాదాల కాడ మడతల నీలం ఉన్నది సూడు, పుల్లతోని తియ్యి. ముక్కు మీద రుద్దకు. ముక్కు మీద రుద్దకంటే!"

పటేల్ ఒక్క మాట అనకుండా అన్నీ చెప్పినట్టే చేశాడు. తుడవడం దగ్గర పూజారి మరీ సతాయించాడు. చెవి వెనక చెమ్మ ఉందని ఒకసారి, పీఠం కింద ఉందని ఒకసారి గుడ్డ తిరిగి ఇచ్చాడు. చివరికి రుక్మిణి చేతివేళ్ళ మధ్య కూడా తుడిచి, ఎత్తి చూపించి, "మంచిగున్నదా?" అని అడిగాడు పటేల్. బడిలో పలక చూపించినట్టు.

"ఊఁ" అన్నాడు పూజారి.

ఆ తొలి ఏకాదశికి తోరణం లేదు. చేనులోంచి రెండు పచ్చి చెరకు గడలు తెచ్చి విగ్రహాల వెనక వంచి కట్టారు. పగిలిన తోరణాన్ని కంచరి తీసుకువెళ్ళి, నిప్పుల మీద నెమ్మదిగా కాచి మెత్తబరిచి, వెనక రాగి రేకు వేసి బిగించి తెచ్చాడు. బీటలు కనిపిస్తూనే ఉంటాయి. మాయం చేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

పూజారి బతుకు నిలబడింది. నాది ఊగింది. ఆ చెరకు కాలంలో ఆ ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్ళు కూడా ఎరువు ముట్టలేదు. గుళ్ళో పగిలిన తోరణం కాస్తా నవీపేట్ చేరేసరికి పగిలిన దేవుడైంది, బోధన్ చేరేసరికి గుడే కూలిపోయింది. మా అధికారి నన్ను తిట్టలేదు. "చెప్పాను గదయ్యా" అని మాత్రం అన్నాడు, చాలా అలసటగా. నేను మళ్ళీ మొదటి నుంచి రచ్చబండల దగ్గర నిలబడ్డాను. జనం ఈసారి మజ్జిగ ఇచ్చారు గాని కూర్చోమనలేదు. కొద్ది నెలలకే బాల్కొండ వైపు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

వెళ్ళే ముందు గుడికి వెళ్ళాను. అనుకోకుండా అది ఏకాదశి రోజు. పూజారి లోపల మంత్రం చదువుతున్నాడు. పటేల్ మంటపంలో ఒక్కడే కూర్చొని విఠలుడి వీపు తుడుస్తున్నాడు. ఇప్పుడు చూపు పని మీదే ఉంది, చెయ్యి దానంతట అది నడుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"బదిలీ అయ్యింది పటేలా. చెప్పి పోదామని వచ్చిన."

"ఎరుకే" అన్నాడు. గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచాడు. "నేనే చేపిచ్చిన."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నేనే పోయి మీ సారును అడిగిన. ఈయనను ఇంకెక్కడికన్న పంపుండ్రి అని." తలెత్తి చూశాడు. కళ్ళలో కోపం లేదు. "నువ్వు చేసింది మంచిపనే. మా అవ్వ రోజు నీ పేరు తీస్తది. గని సారూ, నువ్వు సైకిలు మీద కనవడ్డప్పుడల్ల నాకు గా దొడ్డి యాదికొస్తది. గా మెట్ల మీద నిలవడి నేనన్న మాటలు యాదికొస్తయ్. నాతోని అయితలేదు. కోపం జేసుకోకు."

కోపం రావాల్సింది, రాలేదు. అబద్ధం చెప్పి పంపించగల మనిషి, ఎదురుగా కూర్చొని నిజం చెబుతున్నాడు.

"బస్సుకు టైమైతది" అని లేచాను.

ఆయన విగ్రహాన్ని రెండు చేతులతో పీట మీద నిలబెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. లోపలికి చూసి గట్టిగా కేకేశాడు.

"పంతులూ! సారు పోతుండు. తీర్థం తేరాదూ?"